ముక్క ఉడికాకే పులుసు

"ముక్క మెత్తబడకుండా పులుసు పొయ్యకమ్మా, ఇక అది ఉడకదు." తెలుగిళ్లలో వంట నేర్చుకునే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఇది. ములక్కాడ పులుసుకైనా, వంకాయ పులుసు కూరకైనా, దోసకాయ టమాటా కూరకైనా ఇదే కట్టడి. తొందరపడి చింతపండు రసం ముందే పోసేస్తే, అరగంట గడిచినా ముక్క గరిటె అంచుకు తెగదు. పులుసు చిక్కబడి అడుగంటడానికి వస్తుంది, ముక్క మాత్రం గట్టిగానే ఉంటుంది. పొయ్యి అదే, మంట అదే, కాయ అదే. మరి తేడా ఎక్కడొచ్చింది?

చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. ఒకే బంగాళాదుంపను సమానమైన ముక్కలుగా కోసి, రెండు గిన్నెల్లో మరుగుతున్న నీళ్లలో వేయండి. ఒక గిన్నెలో మామూలు నీళ్లు, రెండో దాంట్లో చిక్కటి చింతపండు రసం కలిపిన నీళ్లు. పావుగంట తర్వాత ఒక్కో ముక్క తీసి వేళ్ల మధ్య నొక్కండి. మామూలు నీళ్లలోది అంచులు కరిగి, పిండిపిండిగా విచ్చుకుంటుంది. చింతపండు నీళ్లలోది కత్తితో ఎలా కోశామో అలాగే, పదునైన అంచులతో ఉంటుంది. గట్టిగా నొక్కితే విరుగుతుంది గానీ చిదగదు.

ఈ తేడాకు కారణం పట్టుకుంటే వంటగదిలో చాలా సంగతులు వాటంతటవే విడిపోతాయి. కూర త్వరగా అవడమూ, అందులోని సత్తువ మిగలడమూ చాలావరకు ఏది ఎప్పుడు వేశామన్న దానిమీదే ఆధారపడతాయి. ఖరీదైన బాణలి కన్నా, సీసాల్లో అమ్మే విదేశీ నూనెల కన్నా ఈ వరుస తెలిసి ఉండటం ఎంతో మేలని నా గట్టి అభిప్రాయం.

ఇటుకలు, వాటి మధ్య సున్నం

కూరగాయ ముక్కంటే కంటికి కనిపించని లక్షల కణాలు. ఒక్కో కణం చుట్టూ ఒక గోడ. ఆ గోడకు బలాన్నిచ్చేది సెల్యులోజ్ అనే పీచు. మనం వంటింట్లో ఎంత ఉడికించినా సెల్యులోజ్ కరగదు. మరి కూర మెత్తబడుతోందంటే మారుతున్నది ఇంకోటేదో ఉండాలి. అదే పెక్టిన్. పాతకాలపు ఇంటి గోడలో ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం ఉన్నట్టు, కణానికీ కణానికీ మధ్య ఈ పెక్టిన్ ఉంటుంది. ఇటుకలు అలాగే ఉన్నా సున్నం రాలిపోతే గోడ నిలవదు. ఉడికిన ముక్కలో జరిగేది అచ్చంగా ఇదే. కణాలు చాలావరకు అలాగే ఉంటాయి, వాటిని పట్టి ఉంచిన పెక్టిన్ కరిగి నీళ్లలో కలిసిపోతుంది. కణాలు ఒకదాని మీంచి ఒకటి జారడం మొదలవుతుంది. దాన్నే మనం 'ముక్క ఉడికింది' అంటున్నాం.

జామకాయ జెల్లీని గడ్డకట్టించేది కూడా ఈ పెక్టినే. పొడవైన గొలుసుల్లాంటి అణువులు దానివి. వేడి సుమారు 80 డిగ్రీలు దాటాక ఆ గొలుసులు అక్కడక్కడా తెగుతాయి. తెగి చిన్నవైన తునకలు నీళ్లలో కరుగుతాయి. వేడి పెరిగేకొద్దీ తెగడం జోరందుకుంటుంది.

ఇక్కడే చింతపండు అడ్డుపడుతుంది. వేడికి పెక్టిన్ గొలుసు తెగే చర్య పులుపు లేనిచోట చురుగ్గా సాగుతుంది, పులుపు తగిలితే బాగా మందగిస్తుంది. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం, టమాటాలోని సిట్రిక్ ఆమ్లం, పచ్చిమామిడిలోని పులుపు, పెరుగు పులుపు అన్నీ చేసే పని ఒకటే. నీళ్లు మరుగుతూనే ఉంటాయి, వేడి ముక్క నడిమధ్యకు చేరుతూనే ఉంటుంది, కానీ సున్నం రాలదు. మామిడికాయ పప్పుకి కందిపప్పు ముందు ఉడికించి, పుల్లటి ముక్కలు తర్వాత వేసే పద్ధతి వెనక ఉన్నదీ ఇదే. ముక్క ముందే మెత్తబడి ఉంటే అప్పుడు పోసిన పులుసు దానికి మేలే చేస్తుంది. మరో పది నిమిషాలు మరిగినా ముక్క చితికిపోకుండా నిలబడుతుంది. మంచి పులుసులో వంకాయ మెత్తగా ఉండి కూడా ఆకారం చెడకుండా ఉండటానికి కారణం ఈ రెండో సగమే.

గోరువెచ్చటి నీళ్ల మొండితనం

పులుపు ఒక్కటే ముక్కను మొండికెత్తించదు. బంగాళాదుంప, క్యారెట్, బీన్స్ లాంటి వాటిలో పెక్టిన్‌ను గట్టిపరిచే ఒక ఎంజైమ్ ఉంటుంది. నీళ్లు 55 నుంచి 70 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు అది చురుగ్గా పనిచేస్తుంది. పెక్టిన్ గొలుసుల మీద కొత్తగా పట్లు ఏర్పరుస్తుంది, కాయలోనే ఉండే కాల్షియం ఆ పట్లలో కూర్చుని రెండేసి గొలుసులను బిగించి కట్టేస్తుంది. అలా బిగిసిన ముక్కను తర్వాత ఎంత మరిగించినా మామూలు ముక్కంత మెత్తబడదు. డబ్బాల్లో కూరగాయలు నిలవచేసే పరిశ్రమ ఈ గుణాన్ని కావాలనే వాడుకుంటుంది.

నలుగురికి సరిపడే కూరలో ఇది పెద్ద సమస్య కాదు, గిన్నె రెండు మూడు నిమిషాల్లో ఆ వేడిని దాటిపోతుంది. పెద్ద గుండిగలో చన్నీళ్లు పోసి, కిలోల కొద్దీ ముక్కలు ఒకేసారి వేసి, సన్నటి మంట మీద పెడితే మాత్రం ఆ మధ్య వేడిలో చాలాసేపు గడపాల్సి వస్తుంది. అందుకని నీళ్లు మరిగాక ముక్కలు వేయడం, వేశాక మళ్లీ పొంగు వచ్చేదాకా మంట పెద్దగా ఉంచడం మంచిది.

పొంగు వచ్చాక మాత్రం మంట తగ్గించేయవచ్చు. గ్యాస్ ఎంత తిప్పినా మూతపెట్టిన మామూలు గిన్నెలో నీళ్ల వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. బుడగలు ఎక్కువ వస్తాయి, ఆవిరి ఎక్కువ పోతుంది, ముక్క మాత్రం ఒక్క నిమిషం ముందు ఉడకదు. వేడి పెంచాలంటే ఆవిరిని బంధించాలి. ప్రెషర్ కుక్కర్ చేసేది అదే. లోపల ఒత్తిడి పెరిగి నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కితే గాని మరగవు. ఆ 20 డిగ్రీల తేడాకే ఉడికే సమయం మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోతుంది. కుక్కర్‌లో పెడితే విటమిన్లన్నీ చచ్చిపోతాయని చాలామంది భయపడతారు. వేడి ఎక్కువే అయినా సమయం బాగా తక్కువ, లోపల గాలీ తక్కువే, పోసే నీళ్లూ తక్కువే. బోలెడు నీళ్లలో తెరిచిన గిన్నెలో మరిగించి ఆ నీళ్లు పారబోయడం కన్నా ఇది ఎంతో నయం. అయితే బీరకాయ, పొట్లకాయ లాంటి లేత కాయలకు కుక్కర్ అక్కర్లేదు. పెడితే గుజ్జే మిగులుతుంది.

సమయం తగ్గించే మరో దారి కత్తిపీట దగ్గరే ఉంది. ముక్క మందం సగం చేస్తే, వేడి దాని నడిమధ్యకు చేరే సమయం సగం కాదు, దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. పొడవు ఎంతున్నా ఫర్వాలేదు, లెక్కకు వచ్చేది మందం. దొండకాయను నిలువునా నాలుగు చీలికలు చేయడంలో ఉన్న లాభం ఇదే. అలాగని మరీ సన్నగా తరిగితే కోసిన ఉపరితలం పెరిగి, నీళ్లలో కరిగే విటమిన్లు అంత తేలిగ్గా బయటికి వచ్చేస్తాయి.

> బోరు నీళ్లు, వంట సోడా
>
> కొన్ని ఊళ్లలో బోరు నీళ్లలో పప్పు ఎంతకీ ఉడకదు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి పెక్టిన్ గొలుసులను మరింత బిగిస్తాయి. కూరగాయల్లో కొంచెమే తెలుస్తుంది, పప్పులో బాగా తెలుస్తుంది.
>
> దీనికి విరుగుడుగా చిటికెడు వంట సోడా వేసే అలవాటు కొందరికి ఉంది. సోడా క్షారం, పులుపుకు సరిగ్గా ఎదురు. పెక్టిన్ చకచకా తెగిపోతుంది, బీన్స్ కళ్లు చెదిరే ఆకుపచ్చగా ఉంటాయి. కానీ అదే క్షారం థయమిన్ అనే బి1 విటమిన్‌ను, విటమిన్ సి ని నాశనం చేస్తుంది. సోడా ఎక్కువ పడితే కూరలో పసుపు ఎర్రబారుతుంది కూడా. చొక్కా మీద పడ్డ పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రగా మారడం చూసే ఉంటారు, అదీ క్షారం పనే. పప్పును ముందుగా నానబెట్టడం, వీలైతే తాగేందుకు వాడే నీళ్లతోనే ఉడకబెట్టడం మేలైన మార్గాలు.

ఉప్పు ఎప్పుడు?

కాయను బట్టి ఉంటుంది. సొరకాయ, బీరకాయ, పొట్లకాయల్లో 90 శాతానికి పైగా నీళ్లే. ముక్కలు బాణలిలో వేసి ఉప్పు చల్లి మూతపెడితే, ఆ ఉప్పు కణాల్లోంచి నీళ్లను బయటికి లాగుతుంది. ఐదు నిమిషాల్లో అడుగున నీళ్లు ఊరతాయి. ఆ ఊటలోనే కూర ఉడికిపోతుంది, పైనుంచి చుక్క నీళ్లు పోయక్కర్లేదు. కాయలోంచి బయటికి వచ్చిన పొటాషియం, విటమిన్లు ఆ రసంలోనే ఉండి మన కంచంలోకి వస్తాయి. ఉప్పు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఉప్పులోని సోడియం, పెక్టిన్‌ను బిగించి ఉంచిన కాల్షియంను కొంత తప్పిస్తుంది, ముక్క ఇంకాస్త త్వరగా మెత్తబడుతుంది. గోరుచిక్కుడు, బీన్స్ లాంటి గట్టి కాయలకూ అందుకే ఉప్పు ముందు వేయడం మంచిది.

ముందు వేసినా వెనక వేసినా కొలత మాత్రం మరవకూడదు. రోజంతా అన్నిటిలో కలిపి ఒక మనిషికి 5 గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రెండూ చెబుతున్నాయి. అంటే ఒక చిన్న చెంచాడు. ఆవకాయ, అప్పడం, పెరుగన్నంలో ఉప్పు అన్నీ అందులోకే రావాలి కాబట్టి కూరకు మిగిలేది తక్కువే.

బెండకాయది వేరే దారి

ఇప్పటిదాకా చెప్పిన వరుసను బెండకాయ తలకిందులు చేస్తుంది. బెండకాయ లోపలి జిగురు కూడా పెక్టిన్ కుటుంబానికి చెందిన పొడవాటి గొలుసులే. నీళ్లు తగిలితే అవి ఉబ్బి, సాగుతాయి. అందుకే కడిగిన బెండకాయల్ని తడి లేకుండా తుడిచి, ఆరాక కోయాలంటారు. ఉప్పు ముందే వేస్తే అది లోపలి నీళ్లను లాగి జిగురును బాణలంతా పరుస్తుంది. మూతపెడితే ఆవిరి మళ్లీ ముక్కల మీదే పడుతుంది. కాబట్టి మూత తీసి, ఉప్పు చివర్లో వేసి, నీళ్లు ఆవిరయ్యేదాకా వేయించాలి.

పులుపు ఇక్కడ ముందు వేసినా నష్టం లేదు, పైగా లాభమే. చింతపండు రసమో, పుల్ల పెరుగో చెంచాడు తగిలితే జిగురు సాగే గుణం తగ్గుతుంది. బెండకాయ లేతది కాబట్టి ఉడకదన్న భయమూ లేదు. అదే పులుపు, దుంపలో మనకు అడ్డం, బెండకాయలో సాయం.

ఆకుపచ్చ పోయేదెక్కడ?

తోటకూరో, చిక్కుడుకాయో నూనెలో పడగానే ఒక్క నిమిషం రంగు మరింత తేరుతుంది. కణాల మధ్య ఉన్న గాలి బయటికి పోవడంతో లోపలి ఆకుపచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఐదారు నిమిషాలకు రంగు తగ్గడం మొదలై, ఇంకాసేపటికి చెరువు పాచి రంగులోకి దిగుతుంది. పత్రహరితం అణువు నడిమధ్యన ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. వేడికి కణాలు పగిలి, వాటిలో దాగిన సహజ ఆమ్లాలు బయటపడి ఆ మెగ్నీషియంను తోసేస్తాయి. ఆకుకూరకు మొదటి రెండు మూడు నిమిషాలు మూత తీసి ఉంచితే ఆ ఆమ్లాల్లో ఆవిరయ్యేవి కొన్ని పైకి పోతాయి, రంగు ఎక్కువసేపు నిలుస్తుంది. ఇందులోనూ చింతపండు, టమాటా ముందే వేస్తే రంగు వెంటనే పోతుంది.

రంగు పోవడం వల్ల పోషకాలేమీ పోవు. అసలు నష్టం విటమిన్ సి, ఫోలేట్ దగ్గర జరుగుతుంది. రెండూ నీళ్లలో కరిగేవి, వేడికి చెడేవి. కోసిన క్షణం నుంచే విటమిన్ సి ని పాడుచేసే ఎంజైమ్ బయటపడి గాలితో కలిసి పని మొదలుపెడుతుంది. ఆకుకూరను కడిగి కోయాలి, కోసి కడగకూడదు. పొద్దున్నే కోసి నీళ్లలో వేసి ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం వచ్చి వండితే ఆ నీళ్లతో పాటే చాలా పోతుంది. గోరుచిక్కుడు ఉడకబెట్టిన నీళ్లు వార్చేసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ముక్కలు మునిగీ మునగనట్టు నీళ్లు పోసి, అవి ఇగిరిపోయేలా వండుకుంటే వార్చాల్సిన పనే ఉండదు. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు వచ్చిన వారి సంగతి వేరు. పాలకూర, తోటకూర ఉడికించిన నీళ్లతో ఆక్సలేట్ కొంత పోతుంది కాబట్టి వాళ్లు వార్చడమే మంచిది.

నూనె ఎంత?

పూర్తిగా మానేయడం తెలివైన పని కాదు. తోటకూర, మునగాకు, గుమ్మడి, క్యారెట్‌లలో ఉండే బీటా కెరోటిన్ కొవ్వులోనే కరుగుతుంది. కూరలో కాస్తయినా నూనె లేకపోతే అది పేగుల్లోంచి ఒంటికి సరిగ్గా పట్టదు. పట్టడానికి కావాల్సింది మాత్రం కొంచెమే, మనిషికి ఒక చిన్న చెంచాడు చాలు. అది సుమారు 5 గ్రాములు, 45 కేలరీలు. పెద్ద చెంచాడైతే 120 దాటుతుంది.

నూనె తాగే కాయల్లో వంకాయ ముందుంటుంది. దాని గుజ్జులో కణాల మధ్య గాలి ఖాళీలు చాలా ఎక్కువ. పచ్చి ముక్కను నూనెలో వేస్తే ఆ ఖాళీల్లోకి నూనె చేరుతుంది. ముందు కాసిని నీళ్లు చిలకరించి, ఉప్పు వేసి, మూతపెట్టి మగ్గనిస్తే ఖాళీలు కూలిపోతాయి. ఆ తర్వాత పోపులో వేస్తే మూడు చెంచాల నూనె పట్టే కూర ఒక్క చెంచాతో అవుతుంది, రుచిలో లోటూ ఉండదు.

ఆ ఒక్క చెంచా నూనెనూ పోపు చక్కగా వాడుకుంటుంది. జీలకర్ర, ఇంగువ, కరివేపాకు సువాసనల్లో చాలావరకు నీళ్లలో కరగవు, నూనెలో కరుగుతాయి. నూనె వేడి నీళ్ల మరుగుడు వేడిని ఎంతో దాటుతుంది కాబట్టి గింజలు వేగి, ఉడకబెడితే ఎన్నటికీ రాని కమ్మదనం వస్తుంది. ఆవగింజ చిటపటలాడేది దాని లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై పైపొరను పగలగొట్టడం వల్ల. ఆ చప్పుడు తగ్గాకే మిగతావి వేయాలి.

పోపులో ఆవ, కూరలో ఆవ

పోపులో వేగిన ఆవగింజను కొరికితే కమ్మగా ఉంటుంది, ముక్కు మండదు. అదే గింజను తడిపి రోట్లో నూరితే ఘాటు నెత్తికెక్కుతుంది. ఘాటు గింజలో ముందే తయారై లేదు. ఘాటుకు కావాల్సిన ముడిపదార్థం ఒకచోట, దాన్ని మార్చే మైరోసినేస్ అనే ఎంజైమ్ వేరే చోట ఉంటాయి. గింజ నలిగి తడి తగిలితేనే రెండూ కలుస్తాయి. వేడి నూనెలో పడితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, ఘాటు పుట్టే దారే మూసుకుపోతుంది.

గోదావరి, కోస్తా జిల్లాలు ఆవ పెట్టిన కూరలకు పెట్టింది పేరు. కంద బచ్చలి, పనసపొట్టు, అరటికాయ. కంద మెత్తగా ఉడికాక పులుసు పడుతుంది, పోపు పడుతుంది, పొయ్యి కట్టేసి కూర కాస్త చల్లారాక నూరిన ఆవ కలుస్తుంది. ఘాటు తేలిగ్గా ఆవిరయ్యే నూనె కాబట్టి మంట మీద కలిపితే నిమిషాల్లో ఎగిరిపోతుంది.

ఈ చివరి అడుగుకు శాస్త్రవేత్తలు కొత్త విలువ చూపించారు. బ్రకోలీ, క్యాబేజీ, ఆవ ఒకే కుటుంబం మొక్కలు. బ్రకోలీ నుంచి పుట్టే సల్ఫోరఫేన్ అనే పదార్థం మీద వైద్య పరిశోధకులకు ఎంతో ఆసక్తి ఉంది. అయితే బాగా ఉడికిస్తే బ్రకోలీలోని మైరోసినేస్ నశించి, సల్ఫోరఫేన్ సరిగ్గా తయారవదు. ఉడికిన 200 గ్రాముల బ్రకోలీకి ఒక్క గ్రాము ఆవపొడి చేర్చి తినిపిస్తే, ఒంటికి అందిన సల్ఫోరఫేన్ 4 రెట్లకు పైగా పెరిగిందని బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రకటించారు. వేడికి పోయిన ఎంజైమ్‌ను ఆవ మళ్లీ తెచ్చి ఇచ్చిందన్నమాట. దానివల్ల ఫలానా జబ్బు రాదని ఇప్పుడే చెప్పడం తొందరపాటు అవుతుంది. కానీ క్యాబేజీకి ఆవ పెట్టి వండే ఇళ్లలో ఈ జత ఎప్పటినుంచో ఉంది.

క్యాబేజీతోనే చేసి చూడవచ్చు. ఒక చెంచా ఆవాలు, ఒక ఎండుమిర్చి ముందుగా కాసిని నీళ్లలో నానేయండి. క్యాబేజీని సన్నగా తరిగి, ఉప్పు, పసుపు వేసి, చారెడు నీళ్లు చల్లి, పొంగు దాకా పెద్ద మంట మీద, ఆపైన సన్నటి మంట మీద మూతపెట్టి ఏడెనిమిది నిమిషాలు మగ్గనివ్వండి. గరిటె అంచుతో కాడ ముక్క తెగితే చాలు, అప్పుడు రెండు చెంచాల చింతపండు గుజ్జు కలపండి. అది ఇగిరేలోపు పక్క పొయ్యి మీద మినప్పప్పు, జీలకర్ర, కరివేపాకుతో పోపు అవుతుంది. పోపు కలిపి పొయ్యి కట్టేయండి. గిన్నెను ముట్టుకోగలిగేంత చల్లారాక, నానిన ఆవాలు, ఎండుమిర్చి నూరి కలిపి, పది నిమిషాలు మూతపెట్టి ఉంచండి. రాత్రికి కొంత మిగల్చాలనుకుంటే ఆ భాగాన్ని ఆవ కలపకముందే తీసి పక్కన పెట్టుకోవాలి. తిరిగి వేడిచేసి, చల్లారాక అప్పుడు తాజాగా నూరి కలుపుకోవచ్చు.